చిన్న కమతాల వ్యవసాయాన్ని గణాంక పద్ధతులతో మదింపు చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న కమతాల మీద సర్వేలు, ప్రయోగాలు చేసే విద్యార్థులు, స్వచ్ఛంద సంస్థల సిబ్బంది, వ్యవసాయ విస్తరణ ఉద్యోగులు అడిగే సందేహాలు ఏటా దాదాపు ఇవే. అందుకే వాటిని పని జరిగే దశల వారీగా ఒకచోట చేర్చాను. ఏ జవాబును ఆ జవాబుగా విడిగా చదువుకోవచ్చు. ఇందులో సూత్రాల కంటే కొలతల ప్రస్తావనే ఎక్కువగా కనిపించడం యాదృచ్ఛికం కాదు. నా దగ్గరికి వచ్చే చిక్కుల్లో చాలా వరకు మోడల్‌లో కాక పొలం గట్టు మీదే మొదలవుతాయి.

## మొదటి దశ: ప్రశ్నను, నమూనాను నిర్ణయించుకునేటప్పుడు

చిన్న కమతం అంటే రెండు హెక్టార్ల లోపు అని రాస్తే సరిపోతుందా?

అంతర్జాతీయ పోలికలకు సరిపోతుంది. 2021లో ప్రచురితమైన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో 60.8 కోట్లకు పైగా కమతాలు ఉండగా, వాటిలో సుమారు 84 శాతం రెండు హెక్టార్ల లోపువే. అవి సాగు చేసే భూమి మాత్రం మొత్తం వ్యవసాయ భూమిలో 12 శాతం దగ్గర ఉంది. అయితే నీటి వసతి ఉన్న రెండు హెక్టార్లూ, వానపైనే ఆధారపడిన మెట్ట భూమి రెండు హెక్టార్లూ ఒకే జీవనాధారం కావు. మీ అధ్యయనం ఒకే ప్రాంతానికి పరిమితమైతే, ఆ ప్రాంతంలోని కమతాల విస్తీర్ణాన్ని వరుసలో పెట్టి, మధ్యగతాన్నో (వరుసలో సరిగ్గా మధ్యన పడే విలువ), దిగువ 40 శాతాన్నో గీతగా తీసుకోవడం మేలు. ఏ గీత గీసినా, దాన్ని డేటా చూడకముందే గీయాలి.

లెక్కకు యూనిట్‌గా దేన్ని తీసుకోవాలి: మడినా, పంటనా, కుటుంబాన్నా?

మీ ప్రశ్న ఏ స్థాయిలో ఉందో ఆ స్థాయినే తీసుకోవాలి. ఒక ఎరువు పనిచేసిందా అన్నది మడి స్థాయి ప్రశ్న. ఆ ఎరువుకు డబ్బు పెట్టడం వల్ల పశువుల మేతకో, మరో పంట కలుపుతీతకో లోటు వచ్చిందా అన్నది కుటుంబ స్థాయి ప్రశ్న. చిన్న రైతు ఇంట్లో పశువుల ఎరువు పొలానికి, పంట చొప్ప పశువులకు, కూలికి వెళ్లి తెచ్చిన డబ్బు విత్తనాలకు వెళుతుంది. ఒక మడిలో లాభంగా కనిపించినది ఇంకొక మడి నుంచి తరలి వచ్చినదే కావచ్చు. కాబట్టి ‘వ్యవసాయ వ్యవస్థ’ అనే మాట మీ శీర్షికలో ఉంటే, ఒక్క పంట దిగుబడితో ఆగిపోకూడదు. పట్టికలో మాత్రం మడికి ఒక వరుస పెట్టి, దానికి కుటుంబ సంఖ్య, ఊరి సంఖ్య జోడించండి. కింది స్థాయి డేటాను ఎప్పుడైనా పైకి కూడుకోవచ్చు గానీ, కూడేసిన దాన్ని మళ్లీ విడదీయలేము.

పరిశోధనా క్షేత్రంలో తొమ్మిది పది మళ్లతో తేడా తేలింది కదా, రైతుల పొలాల్లో వందల మంది ఎందుకు కావాలి?

రైతుల పొలాల మధ్య ఉండే సహజ వైవిధ్యం వల్ల. దిగుబడిలో 20 శాతం తేడాను 5 శాతం ప్రాముఖ్యతా స్థాయి వద్ద (అంటే లేని తేడాను ఉన్నట్టు చెప్పే అవకాశం 5 శాతం మించకుండా), 80 శాతం అవకాశంతో పట్టుకోవాలనుకుందాం. పరిశోధనా క్షేత్రంలో ప్రామాణిక విచలనం (దిగుబడులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) సగటులో 15 శాతం ఉంటే, నమూనా పరిమాణపు సూత్రం ప్రకారం పోల్చే రెండు గుంపుల్లో ఒక్కోదానికి సుమారు 9 మళ్లు చాలు. రైతుల పొలాల్లో అదే విచలనం సగటులో 50 శాతం ఉంటే, అదే సూత్రం ప్రకారం ఒక్కో గుంపుకు సుమారు 98 మంది కావాలి. విచలనం మూడు రెట్లకు కొంచెం పైన పెరిగితే నమూనా పదకొండు రెట్లయింది, ఎందుకంటే సూత్రంలో విచలనాన్ని దానితోనే గుణించాలి. నేలలు, విత్తే తేదీలు, కలుపు తీసే సమయాలు ఇంటింటికీ మారే చోట 50 శాతం విచలనం అరుదేమీ కాదు. ఇంతమందికి నిధులు లేకపోతే 20 శాతం తేడాను పట్టుకుంటామని ప్రతిపాదనలో రాయకపోవడమే నిజాయితీ.

ఒక్కో ఊరిలో ఎక్కువ ఇళ్లు తీసుకుంటే ప్రయాణ ఖర్చు తగ్గుతుంది కదా, నష్టమేమిటి?

ఒకే ఊరి రైతులకు ఒకే వాన, ఒకే నేల, ఒకే మార్కెట్ ఉంటాయి. వారు చెప్పేది కొంతవరకు ఒకే మాట. దీన్ని కొలవడానికి గణాంక శాస్త్రవేత్త లెస్లీ కిష్ ఇచ్చిన డిజైన్ ప్రభావం అనే లెక్క ఉంది: ఊరికి తీసుకున్న ఇళ్ల సంఖ్యలోంచి ఒకటి తీసి, ఆ ఊరి ఇళ్ల మధ్య పోలికను చూపే సహసంబంధంతో గుణించి, ఒకటి కలపాలి. ఊరికి 15 ఇళ్లు, సహసంబంధం 0.2 అనుకుంటే 14ను 0.2తో గుణించగా 2.8, ఒకటి కలిపితే 3.8. అంటే 40 ఊళ్లలో 600 ఇళ్లు తిరిగిన మీ సర్వే, పూర్తిగా చెదురుగా ఎంచుకున్న 158 ఇళ్ల సర్వేతో సమానం. ఊరికి 6 ఇళ్ల చొప్పున 100 ఊళ్లు తిరిగితే డిజైన్ ప్రభావం 2కు దిగి, అవే 600 ఇళ్లు 300 ఇళ్ల విలువ చేస్తాయి. ఖర్చు పెరుగుతుందన్నది నిజమే. ఇళ్ల సంఖ్య కొంత తగ్గించుకునైనా ఊళ్ల సంఖ్య పెంచడం దాదాపు ఎప్పుడూ లాభమే.

స్థానిక సిబ్బంది సూచించిన రైతులతో ప్రయోగం చేయవచ్చా?

చేయవచ్చు, కానీ ఫలితాన్ని ఆ ప్రాంత రైతులందరికీ వర్తింపజేయకూడదు. సూచించబడే రైతులు సాధారణంగా రోడ్డు పక్కన పొలం ఉన్నవారు, సమావేశాలకు వచ్చేవారు, చెప్పిన సమయానికి విత్తేవారు. వారి పొలంలో పనిచేసినది మిగతావారి పొలంలో సగమే పనిచేయవచ్చు. ముందుగా ఇళ్ల జాబితా తయారు చేసి, అందులోంచి యాదృచ్ఛికంగా ఎంచుకోవడానికి ఊరికి ఒకటి రెండు రోజులు అదనంగా పడుతుంది. సర్వే మొత్తంలో అంత ఫలితమిచ్చే రోజులు వేరే ఉండవు.

రైతు పొలంలో ఆరు రకాలు, నాలుగు పునరావృత్తులు (ఒకే రకాన్ని నాలుగు మళ్లలో వేయడం) పెట్టడం సాధ్యం కావడం లేదు. వేరే డిజైన్ ఉందా?

ఉంది. 1990లలో మలావీలో సీగ్లిండే స్నాప్, ఆమె సహచరులు రూపొందించిన ‘తల్లి–బిడ్డ’ ప్రయోగ పద్ధతిలో, ఊరి మధ్యలో అన్ని రకాలతో, పునరావృత్తులతో ఒక తల్లి ప్రయోగం ఉంటుంది. చుట్టూ రైతులు తమకు నచ్చిన రెండు మూడు రకాలను మాత్రమే సొంత యాజమాన్యంలో పెంచే బిడ్డ ప్రయోగాలుంటాయి. ఇక్కడ పునరావృత్తి మడి కాదు, రైతే.

ఇంకా తేలికైన పద్ధతి ట్రైకాట్. ఒక్కో రైతుకు మొత్తం రకాల్లోంచి యాదృచ్ఛికంగా మూడు ఇచ్చి, వాటిలో ఏది మేలు, ఏది తీసికట్టు అని మాత్రమే అడుగుతారు. తూకం అక్కర్లేదు. వందల మంది ఇచ్చిన ఆ చిన్న చిన్న వరుసలను ప్లాకెట్–లూస్ అనే గణాంక మోడల్ కలిపి అన్ని రకాలకూ ఒక క్రమం ఇస్తుంది. ఏ రకం ఎంత ముందుందో కిలోలలో చెప్పలేకపోవడం దీని పరిమితి. ఏ రైతు ఏ పరిస్థితుల్లో దేన్ని ఎంచుకున్నాడో చెప్పగలగడం దీని బలం. విత్తన ఎంపికలో తరచూ అదే ఎక్కువ అవసరం.

## రెండో దశ: పొలంలో కొలిచేటప్పుడు

పొలం విస్తీర్ణం రైతునే అడిగితే సరిపోదా?

సగటు విస్తీర్ణానికి పెద్ద ప్రమాదం లేదు గానీ, దిగుబడి లెక్కకు సరిపోదు. పలు దేశాల సర్వేల్లో కనబడిన ధోరణి ఏమిటంటే, చిన్న మళ్లను రైతులు ఉన్నదానికంటే పెద్దవిగా, పెద్ద మళ్లను ఉన్నదానికంటే చిన్నవిగా చెబుతారు. పైగా సగం, ఒకటి, రెండు వంటి గుండ్రని అంకెల దగ్గర జవాబులు గుమిగూడతాయి. దిగుబడికి హారం విస్తీర్ణమే గనుక ఈ తప్పు నేరుగా దిగుబడిలోకి వస్తుంది. జీపీఎస్ పరికరంతో మడి చుట్టూ నడవడం ఇప్పుడు మామూలు పద్ధతి. అయితే పరికరం కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపగలదు గనుక, ఇరవై మీటర్ల భుజం ఉన్న చిన్న మడికి టేపూ దిక్సూచీ పట్టుకుని కొలిచే పాత పద్ధతే నమ్మదగినది. అన్ని మళ్లకూ అలా చేయలేకపోతే, పదింట ఒక మడికైనా రెండు పద్ధతుల్లోనూ కొలిస్తే తప్పు ఎటువైపు ఎంత ఉందో అంచనా వేయవచ్చు.

పంటకోత ప్రయోగానికి (దిగుబడి అంచనా కోసం పొలంలో ఒక ముక్కను కోసి తూచడం) ఎంత చతురం, అంటే ఎంత చతురస్రపు ముక్క, కొలిచి కోయాలి? చిన్నదైతే పని తొందరగా అవుతుంది కదా?

ఈ వాదన కొత్తది కాదు. 1940లలో భారతదేశంలో గణాంక శాస్త్రవేత్తల్లో పి.సి. మహాలనోబిస్ చిన్న కోతలను సమర్థించగా, పి.వి. సుఖాత్మే చిన్న కోతలు దిగుబడిని ఎక్కువ చేసి చూపుతాయని వాదించారు. సుఖాత్మే వాదన వెనుక ఉన్న కారణాన్ని ఒక తాడుతో మీరే చూసుకోవచ్చు. ఒక మీటరు వ్యాసార్ధంతో వృత్తం గీసి, అంచు మీద పడిన మొక్కలను ‘ఇవీ లోపలివే’ అనుకుంటూ అన్ని వైపులా పది సెంటీమీటర్లు ఎక్కువ కోశారనుకోండి. వ్యాసార్ధం 1.1 మీటర్లయింది, వైశాల్యం 21 శాతం పెరిగింది. అదే పొరపాటు ఐదు మీటర్ల చతురంలో జరిగితే పెరుగుదల సుమారు 8 శాతం. పది మీటర్ల చతురంలో 4 శాతమే. అంచు మొక్కను వదిలేయడం కంటే కలుపుకోవడమే మనిషి చేతికి అలవాటు గనుక ఈ తప్పులు ఒకదానికొకటి కొట్టుకుపోవు.

నా సలహా ఐదు మీటర్ల చతురానికి తగ్గవద్దనే. మూల ఎక్కడ పడాలో యాదృచ్ఛిక సంఖ్యలతో నిర్ణయించండి. కోసేవాడి కన్ను బాగా పండిన చోటికే పోతుంది. గింజ తేమ శాతం నమోదు చేయకుండా తూచిన తూకం రెండు ఊళ్ల మధ్య పోల్చడానికి పనికిరాదన్న సంగతీ మరవకూడదు.

కుటుంబ సభ్యులు ఎన్ని గంటలు పనిచేశారో పంట చివర్లో అడిగితే గుర్తుంటుందా?

సరిగ్గా గుర్తుండదు. టాంజానియాలో వారం వారం అడిగిన కుటుంబాలను, పంటకాలం చివర ఒక్కసారే అడిగిన కుటుంబాలను పోల్చినప్పుడు, చివర్లో చెప్పినవారు ఒక్కో మడిలో ఒక్కో మనిషి పని గంటలను కొన్ని రెట్లు ఎక్కువ చేసి చెప్పారని తేలింది. అదే సమయంలో కొన్ని మళ్లనూ, కొందరు మనుషులనూ పూర్తిగా మరిచిపోయారు. ఈ రెండు తప్పులూ కలిసి మొత్తం అంకె చూడ్డానికి సబబుగానే ఉండటం ఇందులోని మాయ. వారం వారం వెళ్లలేకపోతే, దుక్కి, విత్తనం, కలుపు, కోత అని పనుల వారీగా, ఆ పని అయిన పది పదిహేను రోజుల్లో ఫోన్ చేసి అడగడం మధ్యేమార్గం. ఆడవాళ్ల పనిని మగవాళ్లను అడిగి రాసుకోకండి.

ఏది కొత్త విత్తనమో రైతులకు చెప్పవచ్చా?

మీరు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. టాంజానియాలోనే అలసందలతో చేసిన, 2014లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, రైతులకు తెలిసేలా విత్తనం ఇచ్చినప్పుడు మెరుగైన రకం స్పష్టంగా ముందుంది. ఎవరి దగ్గర ఏ విత్తనం ఉందో ఎవరికీ తెలియకుండా ఇచ్చినప్పుడు తేడా కనబడలేదు. కొత్త విత్తనమని తెలిసినా, కావచ్చని అనిపించినా రైతు తన శ్రమనూ, మడినీ అందుకు తగ్గట్టు మార్చుకుంటాడు. విత్తనం సొంత సత్తువ ఎంతో తెలియాలంటే చెప్పకుండా ఇవ్వాలి. అది రైతు చేతికి వెళ్లాక ఏం జరుగుతుందో తెలియాలంటే చెప్పి ఇవ్వాలి. రెండింటినీ ఒకే మాటగా రాస్తేనే తప్పు.

## మూడో దశ: డేటాను సరిచూసుకునేటప్పుడు

సగటు దిగుబడి లెక్క ఇద్దరం కడితే రెండు జవాబులు వస్తున్నాయి. ఏది సరైనది?

రెండూ సరైనవే, అవి వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఒక రైతుకు 0.1 హెక్టారులో 300 కిలోలు, ఇంకొక రైతుకు ఒక హెక్టారులో 1000 కిలోలు పండాయనుకుందాం. విడివిడిగా హెక్టారుకు 3000, 1000 కిలోలు. వాటి సగటు 2000. మొత్తం పంటను మొత్తం భూమితో భాగిస్తే 1300ను 1.1తో భాగించినట్టు, అంటే సుమారు 1182. మొదటిది రైతును లెక్కలోకి తీసుకుంటుంది, రెండోది భూమిని. ఆ ప్రాంతంలో ఎంత ధాన్యం పండిందో చెప్పాలంటే రెండోదే వాడాలి. ఒక సగటు కుటుంబం తన భూమిని ఎలా వాడుకుంటోందో చెప్పాలంటే మొదటిది. చిన్న మళ్లలో కొలత తప్పులు ఎక్కువ గనుక మొదటి పద్ధతి ఆ తప్పులను పెద్దవి చేసి చూపుతుందని గమనించాలి.

అసాధారణంగా ఎక్కువ ఉన్న విలువలను పైనుంచి ఒక శాతం తీసేయవచ్చా?

చూడకుండా తీసేయకూడదు. ఒకసారి నేను అలాగే పైనున్న ఒక శాతాన్ని కత్తిరించి, నెల తర్వాత మ్యాప్ మీద పెట్టి చూసుకుంటే, పోయిన మళ్లలో ఎక్కువ భాగం ఒకే వాగు పక్కన ఉన్నాయి. అవి తప్పుడు అంకెలు కావు; తడి నిలిచే ఒండ్రు నేలల అసలు దిగుబడులు. అప్పటినుంచి ప్రతి విపరీత విలువకూ నాలుగు ప్రశ్నలు వేసుకుంటున్నాను: బస్తాలను కిలోలుగా రాశారా, దశాంశ బిందువు జరిగిందా, పచ్చి కంకుల తూకాన్ని ఎండిన గింజగా రాశారా, ఆ మడి నిజంగానే వేరే నేలా? మొదటి మూడింటిలో ఏదైనా అయితే సరిదిద్దాలి, నాలుగోది అయితే ఉంచాలి. ఏమీ తేలకపోతే ఆ విలువతో ఒకసారి, లేకుండా ఒకసారి విశ్లేషించి రెండు ఫలితాలూ చూపాలి.

ఆదాయంలో, ఎరువుల వాడకంలో చాలా సున్నాలున్నాయి. ఒకటి కలిపి సంవర్గమానం తీసుకోవచ్చా?

వద్దు. ఒకటి కలపడం అన్నది కిలోలలో ఒక అర్థం, టన్నులలో మరో అర్థం ఇస్తుంది. కొలమానం మార్చగానే ఫలితం మారిపోయే పద్ధతి మీద నిర్ధారణ నిలబెట్టకూడదు. ముందుగా ఎరువు వాడారా లేదా అన్న ప్రశ్నను, వాడినవారు ఎంత వాడారన్న ప్రశ్నను విడదీసి చూడండి. రెండింటినీ కలిపి చూడాల్సివస్తే, సున్నాలను యథాతథంగా స్వీకరించే పాయిసాన్ రిగ్రెషన్ ఉంది (రిగ్రెషన్ అంటే ఒక రాశి మరికొన్నిటిని బట్టి ఎలా మారుతుందో అంచనా వేసే సమీకరణం).

## నాలుగో దశ: విశ్లేషణ చేసేటప్పుడు

ఒకే మడిలో రెండు పంటలు కలిపి వేస్తే దిగుబడిని ఎలా పోల్చాలి?

భూమి సమతుల్య నిష్పత్తి అనే కొలత ఇందుకోసమే ఉంది. హెక్టారు మొక్కజొన్న విడిగా వేస్తే 4000 కిలోలు, చిక్కుళ్లు విడిగా వేస్తే 1200 కిలోలు వస్తాయనుకుందాం. కలిపి వేసిన హెక్టారులో మొక్కజొన్న 3000, చిక్కుళ్లు 600 వచ్చాయి. 3000ను 4000తో భాగిస్తే 0.75, 600ను 1200తో భాగిస్తే 0.5, కలిపితే 1.25. ఆ పంటను విడివిడిగా పండించాలంటే 1.25 హెక్టార్లు కావాలని అర్థం. అయితే ఇది భూమిని మాత్రమే లెక్కపెడుతుంది. శ్రమకు కొరత ఉన్న ఇంట్లో, పని దినానికి ఎంత వచ్చిందన్న లెక్క వేరే కట్టాలి. ఇంకొక జాగ్రత్త: విడిగా వేసిన మడిని నిర్లక్ష్యంగా పెంచితే హారం చిన్నదై నిష్పత్తి అబద్ధంగా పెరుగుతుంది. కలిపి వేసినదాన్ని సమర్థించాలన్న ఉత్సాహంలో ఈ పొరపాటు తరచూ జరుగుతుంది.

ఊళ్లు, ఇళ్లు, మళ్లు అన్నీ ఒకే రిగ్రెషన్‌లో పెడితే తప్పా?

అన్ని మళ్లూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివన్నట్టు పెడితే తప్పు. ప్రమాణ దోషాలు (అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలతలు) ఉండాల్సినదానికంటే చిన్నవై, లేని తేడాలు ఉన్నట్టు కనిపిస్తాయి. రెండు దారులున్నాయి. ఊరు, ఇల్లు అనే స్థాయిలకు యాదృచ్ఛిక ప్రభావాలు (ఒక్కో ఊరు, ఒక్కో ఇల్లు సగటు నుంచి ఎంత పక్కకు ఉందో చెప్పే పదాలు) చేర్చే మిశ్రమ మోడల్ వాడితే, మొత్తం వైవిధ్యంలో ఊరి వాటా ఎంత, ఇంటి వాటా ఎంత అన్నది కూడా తెలుస్తుంది. మీకు ఒకే గుణకం కావాలనుకుంటే, మామూలు రిగ్రెషన్ చేసి ప్రమాణ దోషాలను ఊరి స్థాయిలో సరిచేస్తే చాలు, అయితే ఊళ్ల సంఖ్య మరీ తక్కువగా ఉంటే ఈ సవరణ నమ్మదగినది కాదు. నేను మొదటి దారిని ఇష్టపడతాను, ఎందుకంటే వైవిధ్యం ఇంట్లో ఉందా, ఊళ్లో ఉందా అన్నదే ఒక ఫలితం. ఎక్కువ భాగం ఒకే ఇంటి మళ్ల మధ్య ఉంటే, సలహా ‘ఫలానా రైతుకు’ అని కాక ‘ఫలానా మడికి’ అని ఇవ్వాలి.

రైతులను రకాలుగా విభజించే సాఫ్ట్‌వేర్ నాలుగు వర్గాలు ఇచ్చింది. అవి నిజంగా ఉన్నట్టేనా?

సాఫ్ట్‌వేర్‌ను నాలుగు అడిగితే నాలుగే ఇస్తుంది. యాదృచ్ఛిక సంఖ్యలను ఇచ్చినా నాలుగుగా విడగొడుతుంది. వర్గాలు నిలబడతాయో లేదో చూడాలంటే, డేటాలోంచి మళ్లీ మళ్లీ నమూనాలు తీసి అవే వర్గాలు వస్తున్నాయేమో పరీక్షించాలి. భూమి విస్తీర్ణం వంటి సంఖ్యలు, నీటి వసతి ఉందా లేదా వంటి జవాబులు కలిసి ఉంటే ఇద్దరు రైతులు ఒకరికొకరు ఎంత భిన్నమో చెప్పడానికి 1971లో గోవర్ ప్రతిపాదించిన దూరాన్ని వాడండి. వర్గాలు చేయడానికి వాడిన చరరాశుల మీదే మళ్లీ ‘వర్గాల మధ్య ప్రాముఖ్యమైన తేడా ఉంది’ అని పి-విలువలు (నిజంగా తేడా లేకపోయినా కనీసం ఇంత తేడా కాకతాళీయంగా కనిపించే అవకాశం) ఇవ్వడం అర్థం లేని పని. తేడా ఉండేలా విడగొట్టింది మనమే కదా.

కొత్త పద్ధతి పాటించిన రైతుల దిగుబడి ఎక్కువగా ఉంది. పద్ధతి పనిచేసినట్టేనా?

ఇంకా చెప్పలేము. పాటించినవారు ముందునుంచే మంచి నేల, డబ్బు, సమాచారం ఉన్నవారు కావచ్చు. 1983లో రోజెన్‌బామ్, రూబిన్ ప్రతిపాదించిన ప్రవృత్తి స్కోరుతో (కొలిచిన లక్షణాలను బట్టి ఒక రైతు ఆ పద్ధతి పాటించే అవకాశం) పాటించినవారినీ, పాటించనివారినీ జత కట్టడం వల్ల, మీరు కొలిచిన లక్షణాల్లో ఇరువర్గాలూ సమానమవుతాయి. రైతు నైపుణ్యం, ఓపిక, పెద్దల నుంచి వచ్చిన నేల జ్ఞానం వంటి కొలవని వాటికి అది ఏమీ చేయలేదు. పద్ధతి రాకముందు, వచ్చాక రెండుసార్లు డేటా ఉంటే, ఇరువర్గాల మార్పుల మధ్య తేడాను తీసుకోవచ్చు. అప్పుడు ఆ పద్ధతి లేకపోయి ఉంటే ఇరువర్గాలూ ఒకేలా నడిచేవన్న ఊహ మీద మీ నిర్ధారణ ఆధారపడుతుంది. ఒక్క ఏడాది అతివృష్టి ఒకే వర్గపు పల్లపు పొలాలను ముంచినా ఆ ఊహ చెడిపోతుంది. అవకాశం ఉన్నచోట ఏ ఊళ్లకు ముందు, ఏ ఊళ్లకు తర్వాత అన్నది చీటీ వేసి నిర్ణయించడమే వీటన్నిటికంటే శుభ్రమైన దారి.

చిన్న కమతాల్లో హెక్టారుకు దిగుబడి ఎక్కువన్నది నిజమేనా, లెక్కల భ్రమా?

దీని మీద అరవై ఏళ్లుగా చర్చ నడుస్తోంది. భారతదేశపు కమతాల డేటాలో ఈ విలోమ సంబంధాన్ని 1962లో అమర్త్య సేన్ ప్రస్తావించారు. చిన్న రైతు కుటుంబ శ్రమను చవకగా, ఎక్కువగా పెట్టగలడన్నది ప్రధాన వివరణ. అయితే గణాంక కోణం నుంచి ఒక చిక్కుంది: దిగుబడిని విస్తీర్ణంతో వివరించే సమీకరణంలో విస్తీర్ణం కుడివైపూ ఉంది, ఎడమవైపు దిగుబడి హారంలోనూ ఉంది. మడిని పొరపాటున చిన్నదిగా రాస్తే, అదే పొరపాటు దిగుబడిని పెద్దది చేస్తుంది. సంబంధం ఏమీ లేకపోయినా ఉన్నట్టు కనిపిస్తుంది. పంట పరిమాణాన్ని రైతు చెప్పిన అంకెతో తీసుకోవడం మరో మూలం. ఇథియోపియా డేటాతో 2018లో ప్రచురితమైన అధ్యయనంలో, రైతు చెప్పిన ఉత్పత్తితో విలోమ సంబంధం బలంగా కనిపించగా, అవే మళ్లలో పంట కోసి తూచిన దిగుబడితో అది మాయమైంది. కాబట్టి కొలిచిన విస్తీర్ణం, తూచిన పంట రెండూ లేని డేటాతో ఈ ప్రశ్నకు జవాబివ్వడానికి పూనుకోకండి.

రైతులను అత్యుత్తమ రైతుతో పోల్చి ఇచ్చే సామర్థ్య స్కోరు 0.6 వచ్చింది. రైతులు 40 శాతం వృథా చేస్తున్నారని రాయవచ్చా?

రాయకండి. 1978లో వచ్చిన డేటా ఆవరణ పద్ధతి, అత్యుత్తమ రైతుకూ మిగతావారికీ మధ్య ఉన్న తేడా మొత్తాన్నీ అసమర్థత కిందే వేస్తుంది. 1977లో వచ్చిన యాదృచ్ఛిక సరిహద్దు మోడల్ ఆ తేడాను అసమర్థత, యాదృచ్ఛిక దోషం అని రెండుగా విడదీస్తుంది, కానీ అలా విడదీయడం, అసమర్థత రైతుల మధ్య ఏ ఆకారంలో పరచుకుని ఉంటుందని మనం ఊహించామన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. రెండింటిలోనూ నేల సారం, వాన, చీడ వంటివి కొలవకపోతే ఆ నేరం రైతు మీదే పడుతుంది. నా అనుభవంలో, నేల లోతును, విత్తిన వారాన్ని మోడల్‌లో చేర్చగానే ‘వృథా’లో పెద్ద ముక్క కరిగిపోతుంది.

సగటు దిగుబడి ఎక్కువున్న రకం కావాలా, స్థిరంగా ఉండేది కావాలా? దాన్ని ఎలా కొలవాలి?

1963లో ఫిన్లే, విల్కిన్‌సన్ బార్లీ రకాల మీద చూపిన పద్ధతి ఇప్పటికీ సులువైనది. ఒక్కో ప్రదేశంలో అన్ని రకాల సగటును ఆ ప్రదేశపు సూచికగా తీసుకుని, ఒక్కో రకం దిగుబడిని దాని మీద రిగ్రెషన్ చేయాలి. వాలు ఒకటి కంటే ఎక్కువైతే మంచి పొలాల్లో చెలరేగే రకం. తక్కువైతే పొలం మారినా పెద్దగా మారని రకం. 1984లో పీటర్ హిల్డెబ్రాండ్ దీన్నే రైతులు నిర్వహించే ప్రయోగాలకు మలిచారు. పోల్చే రెండు రకాల రిగ్రెషన్ గీతలు ఒకదాన్నొకటి ఎక్కడ దాటుతాయో అదే అసలు సమాచారం: అంతకంటే తక్కువ సారమున్న పొలాలకు ఒక రకం, ఎక్కువ ఉన్నవాటికి మరో రకం. వాలు తక్కువని మాత్రమే చూసి మెచ్చుకోకూడదు, అన్నిచోట్లా సమానంగా తక్కువ పండే రకానికి కూడా వాలు తక్కువే. నిల్వలు లేని కుటుంబానికి సగటు కంటే ముఖ్యమైన అంకె ఒకటుంది: ఇంటి అవసరానికి చాలనంత తక్కువ పండే అవకాశం ఎన్ని పొలాల్లో, ఎన్ని ఏళ్లలో ఉంది?

## ఐదో దశ: ఫలితాలు రాసేటప్పుడు

పి-విలువ 0.08 వచ్చింది. పద్ధతి పనిచేయలేదని రాయాలా?

అలా రాయకూడదు. తేడా ఎంత, దాని విశ్వాసాంతరం (డేటాకు పొసిగే విలువల పరిధి) ఎక్కడినుంచి ఎక్కడిదాకా అన్నది రాయండి. హెక్టారుకు 180 కిలోల పెరుగుదల, విశ్వాసాంతరం మైనస్ 20 నుంచి 380 వరకు అని చెబితే, చదివేవారు తమ ఖర్చుతో పోల్చుకుని నిర్ణయించుకోగలరు. ‘ప్రాముఖ్యత లేదు’ అన్న ఒక్క మాటతో ఆ సమాచారమంతా పోతుంది.

సగటున 20 శాతం పెరిగిందని రాస్తే సరిపోతుంది కదా?

అది నిజమే కావచ్చు, కానీ ఒక్క రైతు కూడా ఆ 20 శాతాన్ని చూసి ఉండకపోవచ్చు. సగం మందికి 50 శాతం పెరిగి, మిగతా సగానికి 10 శాతం తగ్గినా సగటు 20 శాతమే. అందుకే సగటుతో పాటు, పెట్టిన అదనపు ఖర్చు తిరిగిరాని రైతులు నూటికి ఎంతమందో తప్పక చెప్పండి. ఒక్కో రైతు పొలంలో పాత, కొత్త పద్ధతులు పక్కపక్కన ఉంటే, ఆ రెండింటి మధ్య తేడాను పొలాల వారీగా చిన్నదాని నుంచి పెద్దదాని వరకు పేర్చి గీసిన గ్రాఫ్ పట్టికలన్నిటికంటే బాగా పనిచేస్తుంది. అయితే ఒక్కో మడిలో ఒక్కసారే తూచిన తేడాలో కొలత దోషం కూడా కలిసి ఉంటుంది గనుక, ఎడమ చివర ఉన్నవారందరూ నిజంగా నష్టపోయారని అనుకోకూడదు. రెండో ఏడాది కూడా అదే చివర ఉన్నవారెవరో చూడాలి.

ముప్పై సూచికల్లో రెండింటిలో ప్రాముఖ్యమైన తేడా వచ్చింది. వాటిని ముఖ్య ఫలితాలుగా చెప్పవచ్చా?

పద్ధతికి ఏ ప్రభావమూ లేకపోయినా, 5 శాతం స్థాయిలో ముప్పై పరీక్షలు చేస్తే సగటున ఒకటిన్నర ‘ఫలితాలు’ వాటంతట అవే వస్తాయి. కాబట్టి రెండు రావడం వార్త కాదు. డేటా సేకరణకు ముందే రెండు మూడు ప్రధాన సూచికలు రాసి పెట్టుకోండి. మిగతావాటికి, కాకతాళీయంగా వచ్చే ‘ఫలితాల’ వాటాను అదుపులో ఉంచేందుకు 1995లో బెంజమినీ, హోచ్‌బర్గ్ ఇచ్చిన సవరణ చేసి, అవి అన్వేషణ మాత్రమేనని స్పష్టంగా చెప్పండి.

డేటాను అందరికీ అందుబాటులో పెట్టమంటున్నారు. రైతుల వివరాలు ఏం చేయాలి?

పేర్లు, ఫోన్ నంబర్లు తీసేస్తే చాలదు. మడి అక్షాంశ రేఖాంశాలు ఉంటే ఇల్లు కనుక్కోవడం కష్టం కాదు, ఆ ఇంటి అప్పులూ, పశువుల సంఖ్యా కూడా అదే ఫైల్లో ఉంటాయి. స్థానాలను ఊరి స్థాయికి సగటు చేసి, దానినీ కొన్ని కిలోమీటర్లు యాదృచ్ఛికంగా జరిపి ప్రచురించడం పెద్ద సర్వేల్లో పాటించే పద్ధతి. నేల, వాన వివరాలను అసలు స్థానాలతో ముందే జతచేసి, ఆ తర్వాత స్థానాలను జరపండి; ఈ వరుస తారుమారైతే మీ మడికి పక్క లోయలోని వాన అంటుకుంటుంది.